అన్నం మానితే వినేదెవరు?



మనలో ఒక్కసారైనా అలిగి అన్నం మాననివాళ్లు ఉన్నారా? ఇంట్లో మన మాట చెల్లకపోతే కంచం పక్కకు నెడతాం. ఈ పద్ధతి చాలా పాతది.

వెనకటి రోజుల్లో అప్పు తీర్చనివాడి గుమ్మం ముందు అప్పిచ్చినవాడు వచ్చి కూర్చునేవాడు. అన్నం ముట్టేవాడు కాదు. వాడు చస్తే ఆ పాపం తనకు చుట్టుకుంటుందని ఇంటివాడు భయపడేవాడు. దీన్నే ధర్నా అనేవారు. దేవుడి కోపం తగులుతుందని ఇలా బెదిరించడం నేరమని 1860 చట్టంలో రాశారు. ఇప్పుడు ధర్నా అంటే పదిమంది కలిసి కూర్చుని అడగడం.

వాల్మీకి రామాయణంలో భరతుడూ ఈ పని చేశాడు. అడవికి పోయి అన్నను ఇంటికి రమ్మని బతిమాలాడు. రాముడు ఒప్పుకోలేదు. భరతుడు దర్భలు పరుచుకుని అన్న ఎదుట పడుకున్నాడు. వస్తానని చెప్పేదాకా తిండి ముట్టనన్నాడు. చుట్టూ ఉన్న జనాన్ని, మీరైనా చెప్పరేమని అడిగాడు. జనం ఏమన్నారు? రాముడు తండ్రి మాట నిలుపుతున్నాడు, అదీ న్యాయమే కదా అన్నారు. భరతుడు లేవక తప్పలేదు. చివరికి అన్న పాదుకలు తీసుకుని వెళ్లాడు.

చూశారా? తిండి మానితే చాలదు. అడిగేది న్యాయమని నలుగురూ ఒప్పుకోవాలి.

పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్ష మొదలుపెట్టారు. ఆంధ్ర రాష్ట్రం కావాలన్నారు. అది జనం కోరికే. 58 రోజుల దీక్ష తర్వాత, డిసెంబరు 15న ప్రాణం విడిచారు. జనం కదిలారు. 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది. చూడటానికి ఆయన లేరు.

మరి మన సంగతి? మనం అలిగేది నలుగురిలో కాదు, వంటింట్లో. తాగి వచ్చినవాడు మన ఖాళీ కంచం చూడనే చూడడు. తెల్లారి కూలికి పోయేది మనమే. చంటిపిల్లకు పాలిచ్చేది మనమే. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. మన కోపం మాత్రం మన కడుపు మీదే!

కోపం వద్దని నేను అనను. ముందు అన్నం తినండి. తర్వాత ఆ మాట నలుగురిలో పెట్టండి. భరతుడి మాటను జనం తూచారు. మీ మాటనూ తూచనివ్వండి. కూలి డబ్బు ఎగ్గొట్టారా? ఎన్ని రోజులు చేశారో, ఎంత రావాలో కాగితం మీద రాయండి. ఇప్పుడు మనకు రాయడం వచ్చు కదా! రేపు వచ్చేటప్పుడు అలాంటి బాకీ ఒక్కటి రాసుకుని రండి. అందరం కలిసి చదువుదాం. ఎవరిని, ఎలా అడగాలో అప్పుడు తేలుద్దాం.