తాళంచెవి ఎవరి చేతిలో?



పొయ్యి మీద చారు మరుగుతోంది, కరివేపాకు లేదు. "ఒరే బాబూ, స్కూటరు మీద చప్పున వెళ్ళి రారా!" అంటాం. వాడికి పద్నాలుగేళ్ళు! మొన్నమొన్నటిదాకా మా ఇంట్లోనూ ఇదే వరస.

సాయంత్రంపూట అమలాపురం గడియారస్తంభం సెంటరు చూడండి. బస్సులు, ఆటోలు, కొబ్బరి లారీలు, వాటి మధ్యన మన పిల్లలు. ఊరు దాటితే కాలవగట్టు రోడ్లు. తప్పుకుందామంటే పక్కన కాలవే.

ఒకనాడు మావాడు సైకిలు మీద వస్తున్న పెద్దాయన్ని గుద్దేశాడు. దేవుడి దయవల్ల ఇద్దరికీ మోచేతులు చెక్కుకుపోవడంతో సరిపోయింది. "బండెవరిచ్చార్రా?" అని ఆయన అడిగితే, "మా అమ్మే పంపింది" అన్నాడట. ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది.

చట్టం అడిగేదీ ఆ ప్రశ్నే. 2019లో చేసిన మోటారు వాహనాల చట్ట సవరణ ప్రకారం, పద్దెనిమిదేళ్ళు నిండనివాడు బండితో నేరం చేస్తే సంరక్షకులకో, బండి యజమానికో మూడేళ్ళదాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. పిల్లవాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. మాకు తెలియదందామా అంటే, పంపింది మనమేనాయె!

ఒకపూట కరివేపాకు లేని చారు పోసుకుంటే ఏం పోయిందమ్మా? తాళంచెవి పోపులపెట్టెలో దాచండి. వాడి చేతికి సంచీ ఇచ్చి నడిచి వెళ్ళమనండి.