ఇంటిల్లిపాదీ నీటి పక్కన నడక

(బార్కస్‌లో రోగుల కుటుంబ సభ్యుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సభలో ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)



రోగిని ఆసుపత్రి నుండి ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు చీటీ మీద మందులు రాసి, చివర ఒక మాట చెబుతారు: "రోజూ నడవాలి." మందుల చీటీని మీరు జాగ్రత్తగా మడిచి దాచుకుంటారు. ఈ మాట మాత్రం గేటు దాటేలోపే మరచిపోతారు. అది మీ తప్పు అని నేననను. నడవమని చెప్పేవాళ్లమే గాని, ఎక్కడ నడవాలో మేము చెప్పం.

కొన్నాళ్ల క్రితం ఇక్కడి నుండే ఒక అమ్మాయి తన తల్లిని తీసుకొచ్చింది. తల్లికి పన్నెండేళ్లుగా షుగరు, దానితోపాటు మోకాళ్ల నొప్పులు. "సాబ్, అమ్మీని నడిపించమంటారు. మా గల్లీలో రెండు బండ్లు ఎదురెదురుగా వస్తే మనిషి గోడకు అతుక్కుని నిలబడాలి. ఎక్కడ నడిపించను?" అని అడిగింది. నాకు వెంటనే ఏమీ తోచక, డాబా మీద నడిపించమన్నాను. నెల తర్వాత వచ్చినప్పుడు అడిగితే, "వారం నడిచింది సాబ్. ఒక్కతే నీళ్ల ట్యాంకు చుట్టూ ఎన్నాళ్లు తిరుగుతుంది?" అంది. ఆ రోజు ఆ అమ్మాయికి చెప్పవలసిన జవాబు ఈ రోజు మీకు చెబుతున్నాను.

ఒక సంగతి గమనించండి. బార్కస్ అంటే జామకాయలని, నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల బారకాసుల వల్ల ఈ పేరు వచ్చిందని అందరికీ తెలుసు. మనం చెరువుల మధ్య ఉన్నామన్నది మాత్రం మనకే గుర్తుండదు. ఇటు గుర్రం చెరువు, పల్లె చెరువు, జల్‌పల్లి చెరువు. కొంచెం దూరంలో మీర్ ఆలం చెరువు. ఇంకా పడమటికి వెళితే హిమాయత్ సాగర్, గండిపేట. అవి దాటి పోతే మూసీ పుట్టిన కొండలు. నీటి పక్కన గాలి ఉంటుంది, కళ్లకు ఖాళీ ఉంటుంది, పిల్లలకు చూడడానికి ఏదో ఒకటి ఉంటుంది. పిల్లలు రామనకపోతే ఇంట్లో పెద్దవాళ్లు కూడా వస్తారు. రోగి ఒక్కడే నడిస్తే అది శిక్షలా ఉంటుంది. ఇంటిల్లిపాదీ బయలుదేరితే అది షికారు.

మా ఇంటి పక్క చెరువు గట్టు మీదే నడుస్తాంలే అని మీరు అనుకోవచ్చు. అక్కడ మాత్రం నేను మిమ్మల్ని ఆపుతాను. 2020 అక్టోబరు వానలకు పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి ఇళ్లలోకి నీళ్లు వచ్చిన సంగతి నేను మీకు చెప్పనక్కరలేదు. మీలో కొందరు ఆ నీళ్లలో నిలబడినవారే. వాన రోజుల్లో ఏ చెరువు కట్ట మీదికీ రోగిని గాని, పిల్లలను గాని తీసుకువెళ్లవద్దు. ఎండ రోజుల్లోనైనా మురుగు కలిసే చెరువు అయితే నీళ్లలో కాళ్లు పెట్టనివ్వవద్దు. కాలి పగుళ్లలోంచి, గీసుకున్న చోట నుంచి క్రిములు లోపలికి వెళతాయి. ఎలుక మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే ఎలుక జ్వరం కూడా ఇలాంటి దారిలోనే వస్తుంది. గుర్రపు డెక్క పరుచుకున్న చెరువు దగ్గర సాయంత్రం దోమలు ఎక్కువ. అలాంటి చోట ఎండ బాగా వచ్చాక నడవండి, చీకటి పడకముందే ఇంటికి వచ్చేయండి.

మరి మొదట ఎక్కడికి వెళ్లాలి? నన్నడిగితే జూపార్కు. నవ్వకండి. బహదూర్‌పురాలోని నెహ్రూ జూపార్కు 1963లో తెరిచారు. సుమారు 380 ఎకరాలు. బండ్ల గోల లేకుండా, చెట్ల నీడలో, చదునైన బాటల మీద ఒక ముసలి మనిషి నడవగలిగే చోటు పాతబస్తీకి ఇంత దగ్గరగా మరొకటి నాకు తెలియదు. కూర్చోవడానికి బల్లలు, మరుగుదొడ్లు ఉన్నాయి. షుగరు ఉన్నవారికి, మూత్రం మాత్రలు వాడే గుండె రోగులకు మరుగుదొడ్డి ఎంత ముఖ్యమో వారి ఇంటివారికి తెలుసు. చాలామంది పెద్దవాళ్లు బయటికి రాననడానికి అసలు కారణం అదే, సిగ్గుపడి చెప్పరు. మధ్యలో కాళ్లు మొరాయిస్తే బ్యాటరీ బండి ఎక్కవచ్చు. సోమవారం సెలవు, గుర్తుంచుకోండి.

జూ పక్కనే మీర్ ఆలం చెరువు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో, దివాన్ మీర్ ఆలం కాలంలో కట్టారు. దాని ఆనకట్టను వరుసగా పేర్చిన 21 అర్ధచంద్రాకారపు కమానులతో కట్టారు. గండిపేట నీళ్లు రాకముందు నగరం ఈ నీళ్లే తాగింది. పిల్లలకు ఆ కథ చెబుతూ నడిపించండి. తాతయ్యకు ఆయాసం తీర్చుకునే సమయం కూడా దొరుకుతుంది.

జూలో రెండు మూడు వారాలు ఇబ్బంది లేకుండా నడిచారనుకోండి, అప్పుడు అరాంఘర్ మీదుగా హిమాయత్ సాగర్ వెళ్లవచ్చు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. మళ్లీ అలా జరగకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా మీద రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట, 1920లో పూర్తయింది. ఈసీ నది మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. అక్కడ గాలి బాగా వీస్తుంది, నీడ మాత్రం తక్కువ. అందుచేత ఉదయం ఎనిమిది లోపల, లేదా సాయంత్రం ఎండ దిగాక నడవాలి. మార్చి నుండి జూన్ దాకా పెద్దవాళ్లను తీసుకువెళ్లకపోవడమే మంచిది. వానాకాలంలో గేట్లు ఎత్తుతున్నారని వినగానే చూడడానికి పరుగెత్తేవారున్నారు. 2020 అక్టోబరులో కూడా చూశాం. ఆ రోజుల్లో దిగువన నది ఒడ్డుకు పోనే పోవద్దు.

ఇక అసలైన కొండ నడక కావాలనుకునేవారికి అనంతగిరి ఉంది. నగరానికి సుమారు 80 కిలోమీటర్లు. వికారాబాద్ దాకా రైలు ఉంది, అక్కడి నుండి ఆటో. మూసీ పుట్టింది ఆ కొండల్లోనే. పాతబస్తీలో మనం ముక్కు మూసుకుని దాటే ఆ నది అక్కడ అడవిలో సన్నని ధారగా మొదలవుతుందని చూపిస్తే పిల్లలు నమ్మరు. ఆ కొండ మీద క్షయ రోగుల ఆసుపత్రి కట్టారు. మందులు లేని రోజుల్లో క్షయకు మంచి గాలి, విశ్రాంతి, తిండి ఇవే వైద్యం. అందుకే అలాంటి ఆసుపత్రులను ఊళ్లకు దూరంగా కొండల మీద కట్టేవారు. ఈ రోజుల్లో మామూలు క్షయకు ఆరు నెలల మందులు మానకుండా వాడితే జబ్బు నయమవుతుంది, గాలి మార్పు కోసం మందులు ఆపి కొండకు పోనక్కరలేదు. ఈ మాట ఎందుకు అంటున్నానంటే, నడక మొదలుపెట్టాక మాత్రలు తగ్గించుకునేవారిని నేను చూశాను. నడక మందుకు తోడు మాత్రమే.

అనంతగిరి విషయంలో నా సొంత తప్పు ఒకటి మీకు చెప్పాలి. పదేళ్ల క్రితం మా అమ్మను అక్కడికి తీసుకువెళ్లాను. ఆమెకు షుగరు. కొండ నడక కదా అని ముందు రోజే కొత్త బూట్లు కొన్నాను. నేనే కొన్నాను, నేనే లేసులు కట్టాను. అమ్మ రెండు గంటలు హాయిగా నడిచింది. ఒక్కసారి కూడా నొప్పి అనలేదు. నేను మురిసిపోయాను. మూడో రోజు మేజోడుకు రక్తం మరక చూసి మా చెల్లెలు కేక వేసింది. చిటికెన వేలి పక్క పొక్కు వచ్చి, చితికి, చీము పట్టింది. అమ్మకు తెలియనే లేదు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి నొప్పి తెలియదని రోజూ రోగులకు చెప్పే మనిషిని నేను. ఆమె రెండున్నర నెలలు మంచాన ఉంది. ఆ వేలు పోయింది. "నొప్పి లేదంది కదా" అని ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అమ్మయితే ఇప్పటికీ ఆ కొండ బాగుందనే చెబుతుంది.

కాబట్టి షుగరు రోగిని "నొప్పిగా ఉందా?" అని అడిగి ఊరుకోవద్దు, పాదం చూడండి. బయలుదేరేముందు చెప్పులోకి మీ చెయ్యి పెట్టి రాయి, మేకు, ముడత ఉన్నాయేమో తడమండి. కొత్త బూట్లు ఇంట్లో మొదట అరగంట, తర్వాత గంట వేసుకుని అలవాటు చేసుకున్నాకే బయటికి. గుడి ముందు గాని, దర్గా ముందు గాని చెప్పులు విడిచినప్పుడు మధ్యాహ్నపు బండ మీద వట్టి కాళ్లతో నడవనివ్వవద్దు. స్పర్శ లేని పాదం కాలుతుంది, మనిషికి తెలియదు. మందపాటి మేజోళ్లు వేసుకోనివ్వండి. ఇంటికి రాగానే వేళ్ల సందులతో సహా వెలుతురులో చూడండి. కంటిచూపు తగ్గిన తల్లిదండ్రులకు ఈ పని పిల్లలే చేయాలి.

ఇన్సులిన్ గాని, షుగరు మాత్రలు గాని వాడేవారు పరగడుపున నడవవద్దు. జేబులో మూడు చెంచాల చక్కెర పొట్లం ఉండాలి. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే కూర్చోబెట్టి ఆ చక్కెర తినిపించండి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ ఇచ్చి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయవద్దు.

నడక వేగం ఎంత ఉండాలని చాలామంది అడుగుతారు. గడియారం అక్కరలేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడబోతే మాత్రం ఊపిరి చాలకూడదు. అది సరైన వేగం. మీలో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని ముందు నడిపించండి, మిగతావారు వెనక రండి. మనవాళ్లు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేస్తారు. కుర్రాళ్లు ముందు పోయి నిలబడతారు, పెద్దాయన రొప్పుతూ అక్కడికి చేరగానే మళ్లీ బయలుదేరతారు. ఆయనకు విశ్రాంతి అన్నదే దొరకదు. ఇంకో మాట. అలసిపోయాక వెనక్కు తిరగడం కాదు, అలసట రాకముందే తిరగాలి. తిరుగు దారి కూడా నడవాలి కదా. మొదటి వారం పది నిమిషాలు ముందుకు, పది నిమిషాలు వెనక్కు చాలు. వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచండి. వారం మొత్తానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టుకోవచ్చు.

మోకాళ్ల నొప్పులవారికి కొండ ఎక్కడం కంటే దిగడం కష్టం. చేతికర్ర నొప్పి ఉన్న కాలివైపు కాకుండా అవతలి చేత్తో పట్టుకోవాలి. గుండె ఆపరేషన్ అయినవారు, ఈ మధ్య గుండెపోటు వచ్చినవారు డాక్టరుగారి అనుమతి లేకుండా కొండ జోలికి పోవద్దు. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట వస్తే ఇంకో నాలుగడుగులు అని నడిపించకండి. అక్కడే కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి. నాలుక కింద పెట్టే మాత్ర డాక్టరు రాసి ఇచ్చి ఉంటే అది ఇంట్లో అలమరలో కాదు, రోగి జేబులో ఉండాలి. ఉబ్బసం ఉన్నవారి పంపు సంగతీ అంతే.

అనంతగిరిలో కోతులు ఎక్కువ. చేతిలో తినే వస్తువు కనిపిస్తే మీద పడతాయి. కోతి కరిచినా, కుక్క కరిచినా, చిన్న గీరుడే అయినా, సబ్బుతో పారే నీటి కింద పావుగంట కడిగి అదే రోజు టీకాకు రండి. పసుపు, సున్నం, కారం పెట్టకండి.

ఇంకా ఒకరి గురించి చెప్పాలి. రోగికి రాత్రింబగళ్లు సేవ చేసే ఇల్లాలు ఈ నడకకు రాకుండా వంట చేయాలని ఇంట్లో ఉండిపోతుంది. ఆమె బి.పి. ఎవరూ చూడరు. ఆ రోజు వంట మానిపించి ఆమెను కూడా తీసుకువెళ్లండి. వస్తూ దారిలో ఇంత జామకాయలు కొనుక్కోవచ్చు. షుగరువారు కూడా ఒక కాయ తినవచ్చు, ఉప్పు అద్దుకోకుండా.

సభ అయిపోయాక నేను ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాను. మీ ఇంట్లో షుగరు రోగి రోజూ వేసుకునే చెప్పులు తెచ్చుకోమని ముందే కబురు పంపాం. తెచ్చినవారు వరుసగా రండి, లోపల చెయ్యి పెట్టి చూద్దాం.