పలుకు నుంచి మంచినీటికి: గ్యాస్ హైడ్రేట్ల పద్ధతిపై స్మారకోపన్యాసం

సముద్రపు నీటిని తీయబరిచే దారుల్లో పైలట్ ప్లాంటు దశలోనే ఆగిపోయిన దారి ఒకటుంది. ఉప్పునీటిలోకి ఒక వాయువును పంపి, చల్లబరచి, గ్యాస్ హైడ్రేట్ అనే స్ఫటికంగా కట్టించి, కడిగి, కరిగించడం ఆ పద్ధతి. అది విఫలమైందని చాలామంది తీర్పు చెప్పేశారు. నా వాదన వేరు. స్ఫటికం తన పని తాను సరిగ్గానే చేస్తోంది. దాన్ని కడిగే విద్యే మనకింకా పట్టుబడలేదు. ఆ విద్య పట్టుబడితే దానికి తగిన చోటు కూడా సముద్రపు నీరు కాదు, అంతకన్నా చిక్కటి ఉప్పునీరు.

చలిలో, ఒత్తిడిలో నీటి అణువులు వాయువు అణువు చుట్టూ పంజరం కడతాయి. 1810లో హంఫ్రీ డేవీ క్లోరిన్‌తో దీన్ని గుర్తించారు. సహజవాయువు గొట్టాలను పూడుస్తున్నది మంచు కాదని, ఈ స్ఫటికమేనని 1934లో హామర్‌ష్మిట్ చూపించారు. ఈ అల్లికలో ఉప్పు అయాన్లకు చోటు లేదు. అవి బయటి నీటిలోనే మిగిలిపోతాయి. ప్రొపేన్ వాయువునే తీసుకుంటే, దాని అణువు ఒక్కటికి 17 నీటి అణువులు, అంటే కిలో ప్రొపేన్‌కు దాదాపు 7 కిలోల నీరు. మంచినీటిలో ఈ హైడ్రేట్ 5 డిగ్రీల సెల్సియస్ పైచిలుకు దాకా, ఐదారు అట్మాస్ఫియర్ల ఒత్తిడిలో నిలుస్తుంది. ఇందులో చేతులు మారే వేడి, నీటిని ఆవిరి చేయడానికి కావలసిన కిలోకు 2,260 కిలోజౌళ్లలో ఐదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. కరిగించాక వాయువును మళ్లీ వాడుకోవచ్చు.

1960లలో అమెరికాలో ఆఫీస్ ఆఫ్ సెలైన్ వాటర్ అనే ప్రభుత్వ విభాగం ఆసరాతో ప్రొపేన్‌తోనూ ఫ్రియాన్‌తోనూ ప్రయత్నాలు జరిగాయి. అయినా వ్యాపారం స్థిరపడలేదు. చిక్కు స్ఫటికం లోపల లేదు, స్ఫటికాల మధ్య ఉంది. నూరు కిలోల హైడ్రేట్ ముద్దలో పది కిలోలు 7 శాతం ఉప్పునీరు చిక్కుకుందనుకుందాం. కరిగితే లీటరుకు ఏడెనిమిది గ్రాముల ఉప్పు తేలుతుంది. మన తాగునీటి ప్రమాణం కోరేది అర గ్రాము. కడుగుదామంటే మంచినీరే పోయాలి. ఎక్కువ పోస్తే తయారైన నీరు దానికే ఖర్చవుతుంది, తక్కువైతే ఉప్పు మిగులుతుంది. హైడ్రేట్ వేగంగా కట్టినప్పుడు స్ఫటికపు పలుకులు మరీ సన్నగా వస్తాయి. సందులు ఇరుకై ఉప్పునీరు జారదు. చక్కెర మిల్లులో సెంట్రిఫ్యూజ్ తిప్పుతూ, నీళ్లు చల్లి, పంచదారకు అంటిన మడ్డిని వదిలిస్తారు. పలుకు పరిమాణాన్ని పాకం కాచే పాన్‌లో ఉండగానే అదుపు చేయడం వల్లనే అక్కడ ఆ కడుగుడు సాధ్యమవుతోంది. హైడ్రేట్‌కూ ఆ క్రమమే కావాలి. కడుగుడు కడిగే గొట్టంలో కాదు, పలుకు పుట్టేచోటే మొదలవుతుంది.

ఉప్పునీటిని ఒత్తిడితో పొర గుండా నెట్టే రివర్స్ ఆస్మోసిస్ (ఆర్‌ఓ) ఉండగా ఇదెందుకన్నది మొదటి అభ్యంతరం. న్యాయమైనదే. సముద్రపు నీటి నుంచి వెయ్యి లీటర్ల మంచినీరు తీయడానికి ఆర్‌ఓ మూడు నాలుగు యూనిట్ల కరెంటుతో సరిపెడుతోంది. చెన్నై దగ్గర మీంజూరు, నెమ్మేలి ప్లాంట్లు ఆ పద్ధతిలోనే కట్టినవి. ఆ రంగంలో హైడ్రేట్ దానితో పోటీ పడనక్కర్లేదు. కానీ సగం నీరు తీశాక మిగిలిన నీటిలో ఉప్పు రెండింతలవుతుంది, దాని ఆస్మాటిక్ పీడనమూ 27 బార్ల నుంచి 55 బార్ల దగ్గరికి చేరుతుంది. ఇంకా చిక్కబడితే మామూలు పొరలు తట్టుకోలేవు. హైడ్రేట్‌కు మాత్రం అప్పుడు కావలసింది మరికొన్ని డిగ్రీల చలి. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలు కరిగిన లవణాలు (టీడీఎస్) ఎక్కువగా ఉన్న వ్యర్థజలాన్ని ఆవిరి యంత్రాల్లో మరిగిస్తున్నాయి. ఈ పద్ధతి పోటీ పడవలసింది ఆ మరిగింపుతోనే.

వాయువు ప్రమాదం కదా అన్నది రెండో అభ్యంతరం. ఫ్రియాన్ల విషయంలో అది నిజమైంది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ఓజోన్‌ను తినే వాయువుల దారి మూసింది. ప్రొపేన్ మండుతుంది, కానీ దాన్ని భద్రంగా నడిపే అనుభవం రిఫైనరీలకు ఉంది. నీటిలో కరిగిన కొద్దిపాటి వాయువును గాలితోనో శూన్యంతోనో తీసేయవచ్చు.

ఇక మన దేశం సంగతి. కృష్ణా–గోదావరి బేసిన్ సముద్రగర్భంలో 2006లో జరిపిన తవ్వకాలు మీథేన్ హైడ్రేట్లను బయటపెట్టాయి. ఆ తరువాత ఈ దేశంలో హైడ్రేట్ల చదువుకు ఊపు వచ్చింది. అందులో ఒక పాయ నీటి వైపు తిరగాలి. పెద్ద ప్లాంటు అడగడం లేదు. నిజమైన వ్యర్థజలంతో నడిచే చిన్న యూనిట్‌లో మూడే లెక్కలు తీయాలి: కరిగిన నీటిలో ఎంత ఉప్పు మిగిలింది, కడగడానికి ఎంత నీరు పోయింది, ఎంత వాయువు తప్పిపోయింది. ఈ మూడూ దిగిరాకపోతే పద్ధతిని వదులుకుందాం. వాటిని కొలవకుండా మాత్రం వదులుకోవద్దు.