అగర్తల - కోల్‌కతా: దూరమూ, కాలమూ
(ప్రసంగ పాఠం)

రెండు నగరాల మధ్య దూరమెంత అన్న ప్రశ్నకు ఒకే సమాధానం ఉండదు. ఏ మార్గాన పయనిస్తున్నారన్న దానిని బట్టి దూరం మారుతుంది. త్రిపుర రాజధాని అగర్తల, పశ్చిమ బెంగాల్ రాజధాని కోల్‌కతా ఇందుకు చక్కని నిదర్శనం.

ఈ రెండు విమానాశ్రయాల నడుమ ఆకాశ మార్గాన దూరం సుమారు 317 కిలోమీటర్లు. ప్రయాణం దాదాపు ఒక గంట. కాని భారత భూభాగం మీదుగా రైలులో పోదలచినవారు గువాహటి మీదుగా వెళ్లి, సిలిగురి వద్ద గల ఇరుకైన భూభాగాన్ని దాటి, 1,500 కిలోమీటర్లకు పైగా చుట్టి రావలసి ఉంటుంది. అందుకు సుమారు ఒకటిన్నర రోజు పడుతుంది.

ఈ వ్యత్యాసం ప్రకృతి కల్పించినది కాదు. 1947కు పూర్వం అగర్తలకు చేరువలోని అఖౌరా స్టేషను నుండి బెంగాల్‌కు రాకపోకలు సాగేవి. దేశ విభజనతో అఖౌరా సరిహద్దుకు ఆవలి వైపున ఉండిపోయింది. 1949 అక్టోబరు 15న త్రిపుర భారతదేశంలో విలీనమయ్యేనాటికే పాత దారి పరాయి దేశంలో ఉన్నది. అట్టి స్థితిలో, 1942లో మహారాజా వీర విక్రమ కిశోర మాణిక్యుడు ఇచ్చిన భూమిలో, యుద్ధ కాలంలో నిర్మితమైన విమానాశ్రయమే ఆ ప్రాంతానికి ఆధారమయింది. 2018లో దానికి ఆయన పేరే పెట్టారు.

విమాన కాలాన్ని గురించి విద్యార్థులు ఒక లెక్క వేసి చూడవచ్చు. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే జెట్ విమానానికి 317 కిలోమీటర్లు 24 నిమిషాల పని. 500 కిలోమీటర్ల వేగం గల పంకా విమానానికి 38 నిమిషాలు. అయినను కాలపట్టికలో రెండింటికీ ఇంచుమించు గంట చూపుతారు. రన్‌వే వరకు నడక, పైకి ఎగయడం, క్రిందికి దిగడం, దిగుటకు అనుమతి కోసం నిరీక్షణ, ఇవన్నీ ఆ గంటలో చేరి ఉంటాయి. దూరం తక్కువైనకొద్దీ వేగం వల్ల కలిగే లాభం తగ్గిపోతుంది.

ఈ మార్గం బంగ్లాదేశ్ గగనతలం మీదుగా సాగుతుంది. పొరుగు దేశపు సమ్మతి లేనిదే అది గంట ప్రయాణం కాజాలదు. 1971 ఫిబ్రవరిలో భారత గగనతలం మూసివేయబడినపుడు పాకిస్తాన్ విమానాలు కరాచీ నుండి ఢాకాకు కొలంబో మీదుగా చుట్టి పోవలసి వచ్చింది. ఆకాశానికి గోడలు లేకున్నా సరిహద్దులు కలవు.

విమానం రోగిని, ఉద్యోగిని త్వరగా చేర్చగలదు. బియ్యం, సిమెంటు, ఇనుము వంటి బరువులకు మాత్రం రైలే దిక్కు. టికెట్టు కొనలేని విద్యార్థికి గంట ప్రయాణం ఉన్నా లేనట్లే. అందుచేతనే 2008లో అగర్తలకు మీటర్ గేజి, 2016లో బ్రాడ్ గేజి రైలు రావడం అంత ముఖ్యమైన ఘట్టాలయ్యాయి. 2023 నవంబరు 1న అగర్తల-అఖౌరా రైలు మార్గం ప్రారంభోత్సవం జరిగింది. ఆ పట్టాలపై రాకపోకలు నిలకడగా సాగడం ఉభయ దేశాల సామరస్యంపై ఆధారపడి ఉంటుంది.

దేశ సమైక్యతను పటం మీద స్కేలుతో కొలవలేము. సామాన్యుడు తన రాజ్యపు మరొక మూలకు ఎంత కాలంలో, ఎంత ఖర్చుతో చేరగలడన్నదే దానికి సరియైన కొలత.