తగ్గిన బరువును నిలుపుకొనుట
(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను కాను. విద్యార్థులకు సస్యశాస్త్రము బోధించువాడను. నేల, నీరు, ఎరువు, విత్తనము - ఇవి నా విషయములు. అయినను ఈ పూట మీతో వేరొక విషయము మాట్లాడవలెనని వచ్చినాను. మన గ్రామములలో నేడు మధుమేహము, రక్తపుపోటు లేని వీధి అరుదు. నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది, కోతకు యంత్రము వచ్చినది, పొలమునకు మోటారు సైకిలు మీద పోవుచున్నాము. పని తగ్గినది గాని కంచములోని అన్నము తగ్గలేదు. అందుచేత కొందరు డాక్టరు పర్యవేక్షణలో మూడు నాలుగు నెలలు పథ్యము చేసి బరువు తగ్గుచున్నారు. ఇది మంచిదే. కాని పథ్యము ముగిసిన మరునాటి నుండి ఏమి చేయవలెను? ఇది తెలియక చాలమంది పోగొట్టుకొన్న బరువును తిరిగి తెచ్చుకొనుచున్నారు. వారిలో నేనును ఒకడను.

మూడు సంవత్సరముల క్రిందట నా వయస్సు 34 ఏండ్లు, బరువు 86 కిలోలు. రక్తములో చక్కెర హెచ్చినదని పరీక్షలో తేలినది. ఒక ఆసుపత్రిలో 16 వారముల పథ్యము చేసినాను. ప్రతి వారము తూకము, ప్రతి పూటకు కొలత. 13 కిలోలు తగ్గి 73కు వచ్చినాను. చక్కెర కూడ దిగినది. చివరి దినమున అందరును అభినందించి పంపినారు. నా చేతిలోని చీటీలో మాత్రము 16వ వారము వరకే వ్రాసియున్నది. 17వ వారమున ఏమి తినవలెనో అందులో లేదు. నేనును అడుగలేదు.

ఇంటికి పోగానే మా అమ్మ, "చిక్కి సగమైనావు, ఇంకొక రెండు ముద్దలు కలుపుకో నాయనా" అన్నది. కలుపుకొన్నాను. సంక్రాంతికి అరిసెలు, ఆ తరువాత రెండు పెండ్లిండ్లు. తూకము చూచుకొనుట మానివేసినాను. అయిదు నెలలు గడచునప్పటికి 79 కిలోలు ఉన్నాను. చక్కెర మరల పైకి వచ్చినది.

చౌడు నేలను బాగుచేసిన రైతులు మీలో ఉన్నారు. పాలచౌడైతే మంచి నీరు నిలగట్టి, ఉప్పును కడిగి, మురుగు కాలువ గుండ పంపివేయుదురు. కారుచౌడైతే ముందు జిప్సము కూడ వేయుదురు. రెండు పంటలు పండగానే నేల బాగుపడినదని మురుగు కాలువను పూడిపోనిచ్చిన రైతు సంగతి ఏమగును? వేసవిలో అడుగు నీరు పైకి పాకును, నీరు ఆవిరియై పోవును, ఉప్పు పైన మిగులును. చౌడు తిరిగి వచ్చును. బాగుచేయుట ఒక పని, బాగుచేసిన దానిని కాపాడుట మరియొక పని. ఈ పాఠమును ఏటేట తరగతిలో చెప్పు నేను నా ఒంటి విషయములో దానిని మరచినాను.

బరువు ఎందుకు తిరిగి వచ్చును?

ఇది కేవలము నోటి కక్కుర్తి అనుకొనరాదు. బరువు తగ్గిన శరీరమునకు తిండి ఖర్చు తగ్గును. చిన్న ఇంజనుకు తక్కువ నూనె చాలినట్లే ఇది. కాని ఆకలి మాత్రము తగ్గదు, పెరుగును. తగ్గిన ప్రతి కిలోకు శరీరపు ఖర్చు దినమునకు 20 నుండి 30 కేలరీలు తగ్గుననియు, ఆకలి సుమారు 100 కేలరీల మేరకు హెచ్చుననియు 2016లో ప్రచురింపబడిన ఒక పరిశోధన లెక్కకట్టినది. పథ్యము ముగిసి ఏడాది గడచినను ఆకలిని నడుపు రసములు పూర్వస్థితికి రాలేదని 2011లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు చూపినారు. కనుక ఆకలి వేసినంత మాత్రమున మీకు మనోబలము లేదని కృంగిపోవలదు. శరీరము పోయిన కొవ్వును వెనుకకు అడుగుచున్నదని గ్రహింపుడు.

నా లెక్క చూడుడు. 13 కిలోలు తగ్గినాను. అనగా నా ఖర్చు దినమునకు సుమారు 260 నుండి 390 కేలరీలు తగ్గినది. 100 గ్రాముల బియ్యములో సుమారు 350 కేలరీలు ఉన్నవి. అనగా నా పాత కంచములో నుండి దినమునకు ఇంచుమించు 100 గ్రాముల బియ్యమంత తిండి ఇక ఎన్నటికిని తిరిగి రారాదు. పథ్యము నాటి కటిక తిండి అక్కరలేదు గాని, పాత తిండి కూడ పనికిరాదు. ఈ రెంటి నడుమ క్రొత్త కొలత ఒకటి వెదకి పట్టుకొనవలెను.

దీనిలో ప్రాణము మీది సంగతి కలదు. బ్రిటనులో డైరెక్ట్ అను పరిశోధన జరిగినది. పథ్యము ద్వారా బరువు తగ్గించిన మధుమేహ రోగులలో నూటికి 46 మందికి ఏడాది చివర మందులు లేకయే చక్కెర అదుపులో ఉన్నదని 2017లో ప్రకటించినారు. రెండవ ఏడాది చివరకు ఆ సంఖ్య 36కు దిగినది. బరువును నిలుపుకొన్నవారికే ఆ మేలు ఎక్కువగా నిలిచినది.

చేయవలసిన పనులు

1. పథ్యము ముగియు దినమున ఉత్త చేతులతో ఇంటికి రావలదు. డాక్టరు గారిని, ఆహార నిపుణులను మూడు సంగతులు అడిగి వ్రాయించుకొనుడు: నా బరువు ఎంత నుండి ఎంతలోపల ఉండవలెను? రేపటి నుండి పూటకు ఎంత తినవలెను? మరల ఏ తేదీన రావలెను? మధుమేహమునకు మాత్రలు గాని ఇన్సులిను గాని వాడువారు మందు మోతాదును తమంతట తాము మార్చరాదు, ఉపవాసములు చేయరాదు. చక్కెర ఒక్కసారిగా పడిపోయిన ప్రాణాపాయము.

2. తిండిని ఒక్కసారి పెంచరాదు. ఎరువును దఫాలుగా వేసినట్లే దీనిని కూడ పెంచవలెను. ఒక వారము దినమునకు 30 గ్రాముల బియ్యమంత పెంచి తూకము చూడుడు. బరువు నిలిచియున్న మరియొక వారము అంతే పెంచుడు. బరువు కదలినచో అక్కడనే ఆగుడు. అదియే మీ కొలత.

3. ధాన్యము తూచు కాటా మనకు తెలియును. మనలను తూచుకొను కాటా కూడ ఇంట ఉండవలెను. వారమునకు ఒక దినము, ఉదయము కాలకృత్యములు తీర్చుకొని, కాఫీ త్రాగక ముందు, అదే కాటా మీద తూగి పుస్తకములో వ్రాయుడు. ఉప్పు, నీరు వలన ఒక కిలో అటు ఇటు కదలుట సహజము. దానికి భయపడనక్కరలేదు. రెండు కిలోలు మించి పెరిగినచో ఆ వారముననే పథ్యము నాటి కొలతకు పోవలెను. ఆరు కిలోలు పెరుగువరకు ఆగినది నా తప్పు.

4. కంచములో సగము కూరగాయలు, ఆకుకూరలు ఉండవలెను. పావు వంతు అన్నము గాని, రొట్టె గాని, సంకటి గాని. తక్కిన పావు పప్పు, గ్రుడ్డు, చేప వంటివి. పథ్యములో కొవ్వుతో పాటు కండ కూడ కొంత కరగును గనుక పప్పు, గ్రుడ్డు తగ్గింపరాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారము ధాన్యముల నుండి వచ్చు శక్తి మొత్తములో నూటికి 45 పాళ్ళు మించరాదు. 2000 కేలరీల ఆహారములో నూనె, నెయ్యి కలిపి దినమునకు 27 గ్రాములు చాలును. నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు ఇంచుమించు మూడుంబావు కిలోలు. నెల మొదట కొలిచి డబ్బాలో పోసికొని, అది నెల చివరివరకు రావలెనని ఇంటిల్లపాది నిశ్చయించుకొనుడు.

5. చిరుధాన్యముల గురించి ఒక మాట. నేను వాటి సాగును బోధించువాడను. వాటిలో పీచు ఎక్కువ, కడుపు నిండినట్లుండును, చాల మేలైనవి. కాని 100 గ్రాముల రాగులలో, కొర్రలలో కూడ 320, 330 కేలరీల వరకు ఉన్నవి. బియ్యముతో పోల్చిన కొద్దిపాటి తేడాయే. కొర్రలు తినుచున్నాము గదా అని కొలత మరచినచో బరువు పెరుగక మానదు.

6. పని దినమునకు ఒక కంచము, ఖాళీ దినమునకు ఒక కంచము అలవరచుకొనుడు. నాట్లలో, కోతలలో ఒళ్ళు వంచిన నాటి అన్నము వేసవిలో అరుగు మీద కూర్చున్న నాడు తినరాదు. పనిలేని నెలలలో దినమునకు గంటసేపు నడువవలెను. ఏడాదికి మించి 13 కిలోలకు పైగా తగ్గుదలను నిలుపుకొన్నవారి పట్టిక ఒకటి అమెరికాలో 1994లో ప్రారంభమైనది. వారిలో ఎక్కువమంది తరచు తూకము చూచుకొందురు, దినమునకు సుమారు గంటసేపు శ్రమచేయుదురు.

7. పండుగలు, పెండ్లిండ్లు మానుకొనలేము. విస్తరిలో అన్నియు రుచి చూడుడు, రెండవ వడ్డనకు చేయి అడ్డము పెట్టుడు. మరునాడు కడుపు మాడ్చుకొనరాదు, మామూలు కొలతకు వచ్చిన చాలును. ఒక పూట తిండితో బరువు చెడదు. ఎటులైనను చెడినదిగదా అని వదలివేసిన నెలతో చెడును.

ఇంటివారికి ఒక మనవి. బరువు తగ్గినవానిని చూచి చిక్కిపోయినావని జాలిపడి వడ్డింపవలదు. మా అమ్మకు నా చక్కెర లెక్కలు చూపిన నాటి నుండి, ముందు కూర వడ్డించి తరువాత అన్నము పెట్టుచున్నది. నాకు జరిగిన మేలులో సగము ఆమెదే.

79 నుండి నేను మరల ఆసుపత్రికి పోయినాను. సిగ్గుపడుచునే పోయినాను. డాక్టరు గారు కోపపడలేదు. ఇటువంటివారు వారమునకు నలుగురు వచ్చుచుందురని చెప్పినారు. ఈమారు 17వ వారమునకు కూడ చీటీ వ్రాయించుకొని వచ్చినాను. రెండు సంవత్సరములుగ 74, 76 కిలోల నడుమ ఉన్నాను. ఒకసారి 77కు పోయినాను, మూడు వారములలో దింపినాను. చక్కెర అదుపులో ఉన్నది. ఆకలి మొదటి ఏడాదియంత బాధించుట లేదు గాని, పూర్తిగ పోలేదు.

మీలో ఎవరైన పథ్యము ముగించి, మరల బరువు పెరిగియున్నచో, శ్రమ వృథా అయినదని వదలివేయవలదు. పూడిన కాలువను మరల త్రవ్వుకొనవచ్చును. ఈ రాత్రి ఇంటికి పోయి పంట లెక్కల పుస్తకములో ఒక పేజీకి తేదీ, బరువు అని గీతలు గీయుడు. రేపు ఉదయము మొదటి అంకె వ్రాయుడు. రెండు కిలోలు దాటినచో డాక్టరు గారి వద్దకు ఆ పుస్తకముతోనే పొండు.