నీటిని వెనుకకు పోనీయని గోళము

(తలిదండ్రుల సమావేశమున గావించిన ప్రసంగము)



గత వేసవిలో మన పాఠశాలయందు జరిగిన చిన్న సంగతితో మా ప్రసంగమును ప్రారంభించెదము. సాయంకాలమున మేడపైని తొట్టిని నింపి ఇండ్లకు వెళ్లెడివారము. ఉదయమున వచ్చి చూడగా తొట్టి వట్టిదై యుండెడిది. పిల్లలు దప్పికతో కుళాయిలయొద్ద నిలువవలసి వచ్చెను. గొట్టము ఎక్కడను పగులలేదు. తుదకు పంపు ప్రక్కనున్న కవాటమును విప్పించగా, అందలి గోళము క్రింద గులకరాయి యొకటి చిక్కుకొని యుండెను. పంపు గొట్టము తొట్టి అడుగున చేరియుండుటచే, నీరు రాత్రియంతయు వచ్చిన దారినే బావిలోనికి దిగిపోవుచుండెను.

ఈ కవాటపు నిర్మాణము మిక్కిలి సులభము. చిన్న గదిలో ఒక గోళము, దాని క్రింద గుండ్రని పీఠము. పంపు తోడిన నీరు క్రిందినుండి త్రోయగా గోళము లేచి దారి యిచ్చును. పంపు ఆగినంతనే తన బరువుచేతను, పైనున్న నీటి యొత్తిడిచేతను పీఠముపై కూర్చుండి దారి మూయును. 10 మీటర్ల ఎత్తున నిలిచిన నీరు చదరపు సెంటీమీటరునకు సుమారు 1 కిలోగ్రాము బరువుతో అదుమును. ఏ నీరు వెనుకకు రాజూచునో, ఆ నీరే తలుపును బిగించుచున్నది! గోళము దొరలుచుండుటచే ఒకేచోట అరుగదు. మురికియు అంతగా అంటదు. అయినను పీఠముపై రాయి నిలిచినచో అది నిస్సహాయమే.

ఈ సూత్రము బావులకే పరిమితము కాదు. 1960వ సంవత్సరమున అమెరికాలో ఆల్బర్ట్ స్టార్ అను శస్త్రవైద్యుడును, లోవెల్ ఎడ్వర్డ్స్ అను ఇంజనీరును కలిసి, పంజరములో గోళమునుంచి కృత్రిమ హృదయకవాటమును నిర్మించిరి. స్టార్ దానిని రోగి గుండెలో అమర్చెను. నెత్తురు వెనుకకు మరలకుండ ఆ గోళమే కాపాడెను.

ఒక హెచ్చరిక. గోళమునొక్కదానినే నమ్మి త్రాగునీటిని మురికినీటితో తాకనీయరాదు. రబ్బరు గొట్టపు కొనను బకెట్టు నీటిలో ముంచి విడువకుడు. కుళాయిలో ఒత్తిడి తగ్గినపుడు ఆ మురికినీరు లోనికి పీల్చుకొనబడవచ్చును. కొనకును నీటికిని నడుమ కొంత ఎడము ఉంచుటయే నమ్మదగిన రక్షణ.

ఇప్పుడు నెలకొకసారి కవాటమును పరీక్షింపించుచున్నాము. విప్పునపుడు పై తరగతుల పిల్లలను పిలిచి చూపుచున్నాము. "పంపు ఆగినను నీరు ఏల వెనుకకు రాదు?" అని ఈ రాత్రి మీ బిడ్డలను తెలుగున అడుగుడు. వారు తడబడక చెప్పినచో మా శ్రమ ఫలించినట్లే.