ఎముక కంటే ముందు మూత్రం చెప్తది
మాది మర్రిగూడ దిక్కు. నాయనమ్మ నడుము వంగితే ముసలితనం అనుకున్నం. కాదు, బోరునీళ్లలో ఫ్లోరైడ్.

తాగిన ఫ్లోరైడ్ కొంత మూత్రంలో పోతది, మిగిలింది ఎముకల్లో పేరుకుంటది. ఎక్స్‌రేలో కనబడేసరికి ఏళ్లు గడుస్తయి. ఒంట్లోకి ఎంత పోతుందో మూత్ర పరీక్ష ముందే చెప్తది.

1970లలో హైదరాబాద్ ఎన్‌ఐఎన్ సైంటిస్టులు నల్లగొండ పిల్లల వంకర కాళ్లకు కారణం వెతుకుతూ నీళ్లతో ఆగలేదు. జొన్నల్లో కాపర్, మాలిబ్డినం కూడా కొలిచారు. ఇవాళ మెటబాలిక్ ప్రొఫైలింగ్‌దీ అదే చూపు: రక్తం, మూత్రంలో వందల పదార్థాలను ఒకేసారి చూస్తది.

ఇంకా బోరునీళ్లేనా? మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందేమో పరీక్ష చేయించండి. వంగిన నడుము మళ్లీ నిలబడదు.